పడ్డవాడెప్పుడూ మంచివాడేనా?

మ్యాచ్ అయిపోయి పది నిమిషాలైంది. మెడలోంచి విజిల్ తీసి బ్యాగులో పెట్టుకుంటున్నా. ఓడిపోయిన టీమ్‌లోని ఒకమ్మాయి, ఇంకా జెర్సీ కూడా మార్చుకోలేదు, వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, ఒకటి అడగొచ్చా? నేను చేసిన తప్పేంటి?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. రిఫరీని కదా, నేనూ కాస్త గొంతు పెంచి తప్పించుకునేవాణ్ని. ఆ అమ్మాయి నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"వెళ్లి ఆ అమ్మాయిని గుద్దేశావు కదమ్మా. అది చార్జింగ్" అన్నా.

"మరి తను ముందే అక్కడ ఉందా అన్నా?"

నోరు తెరిచి మళ్లీ మూసేశా. ఎందుకంటే నాకు తెలీదు. ఆ క్షణంలో నేను బంతిని చూస్తున్నా.

ఈ వారం కాలమ్, ఆ ప్రశ్నకి నేను లేటుగా ఇస్తున్న జవాబు.

ఆఖరి 18 సెకన్లు

ముందు నా అర్హతలు చెప్పేస్తా. బీటెక్ నాలుగేళ్లూ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్నా. 'ఉన్నా' అన్నాను గానీ 'ఆడా' అనలేదు, గమనించండి. బెంచీకి నా అంత నమ్మకస్తుడు ఇంకొకడు దొరకలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారాలు కాలనీ కోర్టులో ఆట. వేసవి సెలవుల్లో పిల్లలకి చిన్న టోర్నమెంట్ పెట్టారు. ఫైనల్ రోజు రావాల్సిన ఇద్దరు రిఫరీల్లో ఒకాయన రాలేదు. "నువ్వు కాలేజీ ప్లేయర్‌వి కదా" అంటూ విజిల్ నా చేతిలో పెట్టారు. కాదని చెప్పడానికి అహం అడ్డొచ్చింది.

అండర్-16 అమ్మాయిల ఫైనల్. ఇంకా 18 సెకన్లు ఉంది. నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి టీమ్ ఒక్క పాయింట్ వెనక. ఆ అమ్మాయికి అప్పటికే నాలుగు ఫౌల్స్. ఐదోది పడితే బయటికి వెళ్లిపోవాల్సిందే. కుడివైపు నుంచి డ్రిబుల్ చేసుకుంటూ వచ్చింది. తనని కాస్తున్న అమ్మాయిని ఒక్క క్రాసోవర్‌తో దాటేసి, రెండడుగులు వేసి, లే-అప్‌కి లేచింది. అంతలో ఇంకో డిఫెండర్ పక్కనుంచి అడ్డంగా పరిగెత్తుకొచ్చింది. ధబ్బుమని ఇద్దరూ ఢీకొన్నారు. డిఫెండర్ "అమ్మా" అంటూ వెల్లకిలా పడింది. బంతి బోర్డుకి తగిలి రింగులో పడింది.

నేను విజిల్ ఊది, పిడికిలి బిగించి అరచేతిలో గుద్దా. చార్జింగ్ సిగ్నల్ అది. అంటే బంతి ఉన్నవాళ్లదే ఫౌల్. బాస్కెట్ క్యాన్సిల్, బంతి అవతలి టీమ్‌కి, ఈ అమ్మాయికి ఐదో ఫౌల్. చివరికి ఒక్క పాయింట్ తేడాతోనే ఓడిపోయారు.

అదే నేను రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఉంటే అది బ్లాకింగ్ సిగ్నల్. బాస్కెట్ లెక్కలోకి వచ్చేది, దాని పైన ఒక ఫ్రీ త్రో కూడా. ఒక పాయింట్ వెనకున్న వాళ్లు ముందుకి వెళ్లిపోయేవాళ్లు. ఒక్క మ్యాచ్ ఫలితం నా చేతులు ఎక్కడ పెట్టానన్న దాని మీద ఆధారపడింది.

మరి చార్జింగ్ అని ఎందుకనుకున్నా? నిజం చెప్పాలంటే, డిఫెండర్ పడింది కాబట్టి. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం కదా. ఆ సామెత జీవితంలో పనికొస్తుందేమో గానీ, బాస్కెట్‌బాల్ కోర్టులో మాత్రం రిఫరీని నిండా ముంచేస్తుంది.

డ్రిబుల్ తెచ్చిన తంటా

1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట కనిపెట్టినప్పుడు రాసుకున్నవి 13 రూల్సే. వాటిలో ఒకటి, బంతి పట్టుకుని పరిగెత్తకూడదు. ఎక్కడ పట్టుకున్నావో అక్కడి నుంచే విసరాలి. ఇంకోటి, భుజంతో గుద్దడం, పట్టుకోవడం, తోయడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం నిషేధం. ఆ రూల్స్‌లో డ్రిబుల్ అన్న మాటే లేదు. బంతితో కదలని ఆటలో గొడవలకి అవకాశం కూడా తక్కువే.

తర్వాత ఆటగాళ్లు బంతిని నేలకేసి కొట్టుకుంటూ కదలడం మొదలుపెట్టారు. ఆట అందం అక్కడే మొదలైంది, తగాదా కూడా అక్కడే మొదలైంది. ఇప్పుడు బంతి ఉన్నవాడు స్పీడుగా వస్తాడు, ఆపాల్సినవాడు దారిలోకి వస్తాడు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కోర్టులో పదిమంది. ఒకరికొకరు తగలకుండా ఉండటం కుదరని పని. అందుకే తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదు. ఆ తగలడం వల్ల ఎవరికైనా అన్యాయంగా లాభమో నష్టమో జరిగిందా, జరిగితే బాధ్యత ఎవరిది? రిఫరీ తేల్చాల్సింది ఇదే.

కర్చీఫ్ వేశారా లేదా?

ఇక్కడ మన ఆర్టీసీ బస్సుని గుర్తు తెచ్చుకోండి. సీటు ఎవరిది? ముందు కర్చీఫ్ వేసినవాడిది. వెనకొచ్చినవాడు ఎంత పెద్దాయనైనా, ఎంత హడావుడిలో ఉన్నా సరే.

బాస్కెట్‌బాల్‌లో డిఫెండర్ కర్చీఫ్ వేసే పద్ధతి ఒకటుంది. దాన్ని లీగల్ గార్డింగ్ పొజిషన్ అంటారు. అంతర్జాతీయ సంస్థ ఫిబా రూల్స్ ప్రకారం దానికి రెండే షరతులు. డిఫెండర్ ముఖం ప్రత్యర్థి వైపు ఉండాలి, రెండు పాదాలూ నేల మీద ఉండాలి. అది కూడా గుద్దుకోకముందే జరగాలి. అంతే, సీటు మీది.

సీటు ఎంత వరకూ మీది? మీ చుట్టూ కనపడని ఒక గొట్టం ఉందనుకోండి. ముందు మీ అరచేతుల వరకూ, వెనక మీ పిరుదుల వరకూ, పక్కలకి మీ చేతులు, కాళ్ల బయటి అంచు వరకూ. దీన్ని సిలిండర్ అంటారు. చేతులు ముందుకి చాచినా మోచేతులు మడిచే ఉండాలి, మీ పాదాలు, మోకాళ్ల కన్నా ముందుకి పోకూడదు. ఆ గొట్టం పైకి కూడా ఉంటుంది. నిటారుగా ఎగిరి చేతులు ఎత్తి నిలబడితే, ఎదుటివాడు వచ్చి గుద్దుకున్నా తప్పు మీది కాదు. ఇండియానా పేసర్స్ తరఫున ఆడిన రాయ్ హిబ్బర్ట్ ఈ నిటారు ఎగురుడుతోనే ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్నాడు.

కానీ బస్సులో మీ సీట్లో కూర్చుని మోకాలు నడిచే దారిలోకి చాచారనుకోండి, ఎవరైనా తట్టుకుని పడితే "నా సీట్లో నేను కూర్చున్నా" అంటే కుదరదు కదా. ఇక్కడా అంతే. తుంటి, భుజం, మోచెయ్యి, కాలు గొట్టం దాటి బయటికొచ్చి డ్రిబ్లర్‌కి తగిలితే ఫౌల్ డిఫెండర్‌దే.

నేను నమ్మిన మూడు అబద్ధాలు

ఆ రాత్రి రూల్ బుక్ డౌన్‌లోడ్ చేసుకుని కూర్చున్నా. ఇన్నేళ్లు ఆడుతూ నేను నిజమనుకున్న మూడు విషయాలు అబద్ధాలని తేలింది. మీరూ నమ్ముతున్నారేమో చూసుకోండి.

మొదటిది: డిఫెండర్ కదిలితే బ్లాకింగే. కాదు. ఒకసారి పొజిషన్ తీసుకున్నాక డిఫెండర్ పక్కకి జరగొచ్చు, వెనక్కి జరగొచ్చు, నిటారుగా ఎగరొచ్చు. విగ్రహంలా నిలబడాల్సిన పనిలేదు. అలా జరుగుతున్న డిఫెండర్ ఛాతీకి డ్రిబ్లర్ వచ్చి గుద్దుకుంటే, ఆ చోటికి డిఫెండరే ముందు చేరాడని లెక్క.

రెండోది: డ్రిబ్లర్‌కి ఆగడానికి టైమ్ ఇవ్వాలి. ఇదీ కాదు. బంతి లేని ఆటగాడికి అడ్డం వెళ్లేటప్పుడు ఒకటి రెండు అడుగుల దూరం వదలాలి. బంతి చేతిలో ఉన్నవాడికి ఆ రాయితీ లేదు. ఎవరో ఒకరు అడ్డొస్తారని అతను ముందే సిద్ధంగా ఉండాలి. రెప్పపాటులో డిఫెండర్ ఎదురొచ్చి సరైన పొజిషన్‌లో నిలబడినా చెల్లుతుంది, గుద్దుకోకముందే నిలబడితే చాలు.

మూడోది: పైన చెప్పింది గాల్లో ఉన్నవాడికీ వర్తిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. డ్రిబ్లర్ పాదాలు నేల వదిలిన క్షణం నుంచి రూల్ మారిపోతుంది. గాల్లో ఉన్న మనిషి బ్రేక్ వేయలేడు, దారి మార్చుకోలేడు. అందుకే అతను ఎగరకముందే డిఫెండర్ అక్కడ ఉండి తీరాలి. ఎగిరాక కిందకి దూరితే బ్లాకింగ్. ఈ రూల్ ఆట కోసం ఎంత ఉందో, చీలమండలు, మోకాళ్లు, వెన్నెముకల కోసం కూడా అంతే ఉంది.

దీనికి తోడు బాస్కెట్ కింద ఒక అర్ధవృత్తం గీసి ఉంటుంది. ఎన్‌బీఏలో దాని వ్యాసార్ధం 4 అడుగులు, ఫిబాలో 1.25 మీటర్లు. డిఫెండర్ పాదం ఆ గీత లోపల ఉంటే, బయటి నుంచి ఎగిరొచ్చి షాట్ వేసేవాడి మీద చార్జింగ్ అడగడానికి లేదు. రింగు కింద నిలబడి వచ్చినవాళ్లని పడగొట్టించుకునే వ్యాపారం మానిపించడానికి పెట్టింది అది. మా కాలనీ కోర్టులో ఆ గీతే లేదు. ఫ్రీ త్రో లైనే సగం చెరిగిపోయింది.

వాళ్లకీ తప్పలేదు

"నువ్వంటే బెంచీ ప్లేయర్‌వి, అసలు రిఫరీలకి ఇదొక లెక్కా?" అంటారా. 2018 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్ చూడండి. మే 31. క్లీవ్‌లాండ్ 104, గోల్డెన్ స్టేట్ 102. ఇంకా 36.4 సెకన్లు. కెవిన్ డ్యురాంట్ డ్రిబుల్ చేస్తూ బాస్కెట్ మీదికి వెళ్లాడు. లెబ్రాన్ జేమ్స్ అడ్డొచ్చాడు. ఢీ. రిఫరీ చార్జింగ్ అన్నాడు. బంతి క్లీవ్‌లాండ్‌ది.

అప్పుడు రిఫరీలు మానిటర్ దగ్గరికి వెళ్లారు. లెబ్రాన్ ఆ అర్ధవృత్తం లోపల ఉన్నాడా అని అనుమానం. చూస్తే బయటే ఉన్నాడు. కానీ ఆఖరి రెండు నిమిషాల్లో ఒకసారి మానిటర్ ముందుకి వెళ్లాక, డిఫెండర్ పొజిషన్ సరైనదేనా అని కూడా చూసే వీలు రూల్స్‌లో ఉంది. చూశారు. సరైన పొజిషన్‌లో లేడని తేల్చారు. చార్జింగ్ కాస్తా బ్లాకింగ్ అయింది. డ్యురాంట్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. స్కోరు సమం. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, గోల్డెన్ స్టేట్ 124-114తో గెలిచింది. లెబ్రాన్ వేసిన 51 పాయింట్లు వృథా.

ఆ నిర్ణయం మీద బాస్కెట్‌బాల్ ప్రపంచం ఇప్పటికీ రెండు ముక్కలే. నాకు మాత్రం అందులో వేరే విషయం కనిపించింది. ప్రపంచంలోనే పేరున్న రిఫరీలు, పదుల కెమెరాలు, స్లో మోషన్. అంత ఉన్నా మొదట కంటికి కనిపించింది ఒకటి, ఆగి చూస్తే తేలింది ఇంకొకటి. ఢీకొట్టడం అందరికీ కనిపిస్తుంది. దానికి అర సెకను ముందు పాదాలు ఎక్కడున్నాయన్నది చూడాలనుకున్నవాడికే కనిపిస్తుంది.

మా ఆఫీసులోనూ ఇదే కథ. ఏ సర్వీసులో ఎర్రర్ వచ్చిందో అందరం దాని మీద పడతాం. తీరా లాగ్స్‌లో టైమ్ చూస్తే, అసలు గొడవ మూడు సెకన్ల ముందు వేరే చోట మొదలై ఉంటుంది. అరిచినవాడి దగ్గరే తప్పు వెతకడం మనకి అలవాటు. ఉద్యోగంలో రోజూ టైమ్‌స్టాంప్ చూసే నేను కోర్టులో చూడలేదు.

డ్రిబ్లర్లందరూ అమాయకులేం కాదు

ఇంత చదివి డిఫెండర్లే దొంగలనుకోకండి. డ్రిబ్లర్ తలొంచుకుని, దారి లేని చోట ఇద్దరి మధ్యలో దూరితే తప్పు అతనిదే. అమెరికా హైస్కూల్ రూల్స్‌లో దీనికి మంచి కొలత ఉంది. డ్రిబ్లర్ తల, భుజాలు తగలకుండా డిఫెండర్‌ని దాటిపోయాయా? దాటితే ఆ తర్వాత జరిగే తాకిడికి ఎక్కువ బాధ్యత డిఫెండర్‌ది. దాటకపోతే డ్రిబ్లర్‌ది. ఖాళీగా ఉన్న రెండో చేత్తో డిఫెండర్‌ని నెట్టేవాళ్లూ ఉంటారు. అదీ ఫౌలే, డ్రిబ్లర్ ఫౌల్.

షాట్ వేసే నెపంతో డిఫెండర్ మీదికే వెళ్లి ఒరిగిపోవడం, చెయ్యి మెలేసి ఫౌల్ తెచ్చుకోవడం ఎన్‌బీఏలో ఒక కళగా మారిపోయింది. 2021-22 సీజన్ నుంచి అలాంటి అసహజమైన కదలికలకి ఫౌల్ ఇవ్వొద్దని రిఫరీలకి చెప్పారు. నాటకాలాడి పడిపోయేవాళ్లకి 2012-13 నుంచే జరిమానాలున్నాయి. 2023-24 నుంచి మ్యాచ్ మధ్యలోనే టెక్నికల్ ఫౌల్ ఇచ్చి, అవతలి టీమ్‌కి ఒక ఫ్రీ త్రో ఇస్తున్నారు. పడ్డవాడెప్పుడూ మంచివాడేనన్న నమ్మకాన్ని వాడుకునేవాళ్లు అంతమంది ఉన్నారన్నమాట.

డిఫెండర్ చేతుల సంగతీ అంతే. డ్రిబ్లర్ నడుం మీద చెయ్యి వేసి దారి మళ్లించే హ్యాండ్ చెక్‌ని ఎన్‌బీఏ 2004-05 నుంచి గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టింది. కాలనీ కోర్టుల్లో మనం దాన్ని 'టైట్ డిఫెన్స్' అని మెచ్చుకుంటాం.

వీడియోలో ఏముంది?

ఆ ఆఖరి సెకన్లని ఎవరి నాన్నగారో ఫోన్‌లో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రూల్ బుక్ పక్కన పెట్టుకుని ఒక్కో ఫ్రేమ్ ఆపి చూశా.

డ్రిబ్లర్ రెండో అడుగు వేసి లేచింది. రెండు పాదాలూ గాల్లో. అదే ఫ్రేమ్‌లో డిఫెండర్ ఇంకా పరుగులోనే ఉంది. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు గాల్లో, ఒళ్లు పక్కకి తిరిగి ఉంది. తర్వాతి ఫ్రేమ్‌లో డిఫెండర్ భుజం వచ్చి డ్రిబ్లర్ నడుం పక్కన తగిలింది.

ఎదురుగా ముఖం లేదు. రెండు పాదాలు నేల మీద లేవు. ఎగరకముందు చేరలేదు. తగిలింది ఛాతీ కాదు. నాలుగింట్లో ఒక్కటి కూడా లేదు. పచ్చి బ్లాకింగ్. బాస్కెట్ లెక్కలోకి రావాలి. ఆ అమ్మాయి ఐదో ఫౌల్ ఫౌలే కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే ఎక్కువ చేస్తున్నానని అనుకుంటారు. కాలనీ టోర్నమెంటే కదా, ప్లాస్టిక్ కప్పే కదా. కానీ ఆ అమ్మాయి కోచ్ మ్యాచ్‌కి ముందు ఒక మాట చెప్పాడు. "టెన్త్ అయిపోయింది సార్. జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోతుంది. రెండేళ్లు ఇంక బాల్ ముట్టుకోదు." మన దగ్గర ఇంటర్ అంటే ఏంటో మీకు నేను చెప్పాలా? ఆరేళ్లు ఆడిన ఆటలో ఆ అమ్మాయికి మిగిలిన ఆఖరి జ్ఞాపకం నా పిడికిలి.

తర్వాతి ఆదివారం కోర్టుకి వెళ్లా. అందరి ముందే చెప్పా: "ఆ కాల్ తప్పు. అది బ్లాకింగ్. నేను బంతిని చూశాను, డిఫెండర్ పాదాలు చూడలేదు." రిజల్ట్ మారదు, అది నాకూ తెలుసు. గెలిచిన టీమ్ పిల్లలు కాస్త గుర్రుగా చూశారు. ఆ డిఫెండర్ అమ్మాయికి కూడా విడిగా చెప్పా, నీ తప్పేం లేదు, ఆపడానికి పరిగెత్తావు, అది నీ పని, చూడాల్సింది నేను అని.

డ్రిబ్లర్ అమ్మాయి మాత్రం కప్పు సంగతి ఎత్తలేదు.

"అయితే నా మూవ్ కరెక్టేనా అన్నా?"

"కరెక్టే. క్రాసోవర్, రెండడుగులు, లే-అప్. అన్నీ కరెక్టే."

"ఆ వీడియో అమ్మ నంబర్‌కి పంపండి. హాస్టల్లో ఫోన్ ఉండదు. వెళ్లేలోపు చూసుకుంటా."

పంపా. రెండు నీలం టిక్కులు వెంటనే వచ్చేశాయి.

మీ కోర్టులో

రిఫరీ లేకుండా ఆడుకునే చోట ఫౌల్ గొడవ వస్తే ఈసారి ఎవరు పడ్డారు, ఎవరు గట్టిగా అరిచారు అని చూడకండి. ఈ వరసలో అడగండి. డ్రిబ్లర్ నేల మీదున్నాడా, గాల్లోనా? డిఫెండర్ అతని కన్నా ముందు చేరాడా? చేరితే ఎదురుగా తిరిగి, రెండు పాదాలూ ఆన్చి ఉన్నాడా? తగిలింది ఛాతీయా, లేక గొట్టం దాటొచ్చిన చెయ్యో, తుంటో? చివరిగా, ఆ తగలడం వల్ల నిజంగా ఎవరికైనా నష్టం జరిగిందా? సగం గొడవలు రెండో ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

విజిల్ మీ మెడలో ఉంటే ఇంకో మాట. అనుభవం ఉన్న రిఫరీలు డిఫెన్స్‌ని చూడు అని చెబుతారు. బంతి ఎలాగూ కంటి అంచుల్లో కనిపిస్తుంది. చూడాల్సింది, ఆ బంతి దారిలోకి ఎవరు వస్తున్నారు, ఎప్పుడు వస్తున్నారు అన్నది.

నేనింకా ఆదివారాలు విజిల్ ఊదుతున్నా. మొన్న ఒకబ్బాయి లే-అప్‌కి వెళ్తే డిఫెండర్ వెల్లకిలా పడ్డాడు. గట్టు మీద కూర్చున్నవాళ్లంతా "చార్జ్, చార్జ్" అని అరిచారు. నేను పాదాలు చూశా. రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నా.

పడ్డవాడు లేచి, దుమ్ము దులుపుకుని, నా వైపు చూసి నవ్వాడు. వాడికి ముందే తెలుసు.